ఏడు బౌట్లు, ఏడు ఓటములు: మా వాడిని రెజ్లింగ్ మాన్పించాలా?

మ్యాట్‌పక్కన_అమ్మ

మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. ఎనిమిది నెలలుగా రెజ్లింగ్‌కి వెళ్తున్నాడు, ఫ్రీస్టైల్, అంటే కాళ్లు కూడా పట్టుకునే పద్ధతి. ఇప్పటిదాకా ఏడు బౌట్లు ఆడాడు, ఏడూ ఓడిపోయాడు. అందులో అయిదు చిత్తు. అంటే రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనేశాయి, రెఫరీ అరచేత్తో మ్యాట్ మీద కొట్టేశాడు, ఆట అక్కడికి సరి. నిన్నటిది నలభై సెకన్లలో అయిపోయింది. తెల్లవారుజామున లేచి, బరువు తూయించుకుని, నాలుగు గంటలు వంతు కోసం కూర్చుంటే, ఆట నలభై సెకన్లు.

వాడు ఏడవలేదు. లేచాడు, అవతలి పిల్లాడితో చేయి కలిపాడు, వాళ్ల కోచ్ దగ్గరికి వెళ్లి ఆయనతోనూ కలిపాడు, వచ్చి నా పక్కన కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. కుడి లేసుకి ముడి పడిపోయింది. తల వంచుకుని గోళ్లతో ఆ ముడిని లాగుతూనే ఉన్నాడు. సాయం చేద్దామని నేను చేయి పెట్టబోతే "నేను తీసుకుంటాలే అమ్మా" అన్నాడు. పది నిమిషాలు పట్టింది. ఇంటికి వచ్చేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

వాళ్ల కోచ్‌ని అడిగితే "గెలుపు సంగతి వదిలేయండమ్మా, ఈ ఆట క్యారెక్టర్‌ని తయారు చేస్తుంది" అన్నారు. ఇంట్లో మా అత్తగారు "రోజూ దెబ్బలు తిని రావడానికేనా పంపిస్తున్నావు" అంటున్నారు. మా ఆయన ఏమీ అనరు, కానీ ఆ మౌనం నాకు అర్థమవుతుంది. ఆ క్యారెక్టర్ అంటే ఏంటి? ఓడిపోతూ ఉంటే అది ఎక్కడి నుంచి వస్తుంది? ఆడినవాళ్లు, నేర్పినవాళ్లు, పిల్లల్ని పంపినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఓదార్పు వద్దు.

నీలిమ్యాట్

ఎనిమిది నెలలు చాలా తక్కువండీ. మీ వాడి ఎదురుగా నిలబడినవాళ్లు ఎన్నేళ్లుగా ఆడుతున్నారో కనుక్కున్నారా? ఈ ఆటలో బరువు సమానంగా చూస్తారు కానీ అనుభవం ఎవరూ తూచరు. నేను మొదటి పదకొండు బౌట్లు వరుసగా ఓడిపోయాను. పన్నెండోది 6-5తో గెలిచాను. ఇరవై ఏళ్లయింది, ఆ స్కోరు ఇప్పటికీ మర్చిపోలేదు.

చెస్_నాన్న

నాకు రెజ్లింగ్ తెలియదు, అందుకే అడుగుతున్నాను. క్యారెక్టర్ అనే మాట ప్రతి ఆటకీ చెప్తారు కదా. మా అమ్మాయి చెస్ ఆడుతుంది, అక్కడా ఇదే మాట. ఈతకీ ఇదే మాట. మరి రెజ్లింగ్‌లో ప్రత్యేకంగా ఏముంది? ఎవరైనా వివరంగా చెప్తే ఆవిడకీ పనికొస్తుంది.

నీలిమ్యాట్

@చెస్_నాన్న నెపం వేయడానికి ఎవరూ ఉండరు. పాస్ ఇవ్వలేదు, క్యాచ్ వదిలేశాడు అనడానికి లేదు. ఇద్దరే, ఒకే బరువు.

చెస్_నాన్న

చెస్‌లోనూ ఇద్దరేనండీ. అక్కడా నెపం వేయడానికి ఎవరూ ఉండరు.

నీలిమ్యాట్

అది నిజమే. ఒప్పుకుంటున్నాను. ఆలోచించి మళ్లీ రాస్తాను.

మాజీ_57కేజీలు

అమ్మా, ఓదార్పు వద్దన్నారు కాబట్టి రాస్తున్నాను.

నేను పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఆడాను. పతకాలు వచ్చాయి. "క్యారెక్టర్" అనే మాట నేను విన్నంతగా ఇక్కడ ఎవరూ విని ఉండరు. పోటీకి రెండు రోజుల ముందు నీళ్లు ఆపేయించేవారు. రెండు స్వెట్టర్లు, పైన రెయిన్‌కోటు వేసుకుని ఎండలో పరుగు. కళ్లు తిరుగుతున్నాయి సార్ అంటే "ఇక్కడే తెలుస్తుంది నీ క్యారెక్టర్" అనేవారు. మోకాలు వాచింది అంటే అదే మాట. ఆ మాట మమ్మల్ని నోరు మూయించడానికి పనికొచ్చింది. ఆ మోకాలు ఇప్పటికీ మెట్లు ఎక్కేటప్పుడు పలుకుతుంది.

ఇది నా ఒక్కడి గొడవ అనుకోకండి. 1997లో నవంబర్, డిసెంబర్ నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు దించుకునే ప్రయత్నంలో చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు, బరువు తూచే సమయాన్ని ఆటకి దగ్గరగా జరిపారు. ముగ్గురు పోతే గానీ నియమం రాలేదు.

అందుకని మీ వాడు ఎన్ని ఓడాడు అన్నది పక్కన పెట్టండి. ఆ కోచ్ పిల్లల బరువు గురించి ఏం మాట్లాడతాడో, దెబ్బ తగిలిందని చెప్తే ఏమంటాడో చూడండి. అక్కడ తేడా కనిపిస్తే ఆ రోజే మాన్పించేయండి.

గోదా_మాస్టారు

మాజీ తమ్ముడూ, నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజం. నేను పిల్లలకి నేర్పుతాను కాబట్టి ఇది చదువుతుంటే సిగ్గుగా ఉంది. మా తరం అలాగే నేర్చుకుంది, చాలామంది అలాగే నేర్పారు. మా దగ్గర పదిహేడేళ్ల లోపు పిల్లలు బరువు దించుకోవడం ఉండదు. ఆ రోజు ఎంత ఉంటే ఆ విభాగంలోనే దింపుతాం.

అమ్మగారి ప్రశ్నకి వస్తాను. ఈ ఆట దానంతట అది ఎవరినీ మంచివాణ్ణి చేయదు. నా దగ్గర రెండేళ్లు ఎవరి చేతిలోనూ ఓడని కుర్రాడు ఒకడు ఉండేవాడు. బడిలో చిన్న పిల్లల్ని గోడకి అదిమి పట్టేవాడని తర్వాత తెలిసింది. గెలుపు వాడికి ఏం నేర్పినట్టు? ఆ తప్పులో నాకూ వాటా ఉంది, నేను వాడి పతకాలే చూశాను.

ఏం నేర్పుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. ప్రాక్టీసులో ప్రతివాడికీ ఒక జోడీ ఉంటాడు. ఒక ఎత్తు నేర్చుకోవాలంటే దాన్ని వందలసార్లు జోడీ మీద వేయాలి, వాడు మన మీద వేయాలి. అంటే రోజూ ఒకడి మెడ, మోకాలు, నడుము మన చేతుల్లో పెట్టి "జాగ్రత్తగా చూసుకో" అన్నట్టే. మా దగ్గర ఒక పిల్లాడు పెద్ద ఒడ్డూ పొడుగూ, ఎత్తితే పిండి బస్తాలా కుదేసేవాడు. వాడితో జోడీ కట్టడానికి ఎవరూ వచ్చేవారు కాదు. నెల రోజులు వాడికి కొత్తగా చేరిన చిన్నపిల్లల్ని అప్పగించాను. మొదటి వారం అలిగాడు, వాళ్ల నాన్నగారు నాతో పోట్లాటకి వచ్చారు. మూడో వారంలో నేను దూరం నుంచి చూశాను: పిల్లాణ్ణి పడేస్తూ, చివరి క్షణంలో తన అరచేయి ఆ పిల్లాడి తల వెనక్కి జార్చాడు, తల మ్యాట్‌కి తగలకుండా. అది నేను నేర్పలేదు. ఎవరో చూస్తున్నారని కూడా చేయలేదు.

నేను క్యారెక్టర్ అంటే ఆ అరచేయి. అది స్కోరు బోర్డు మీద పడదు.

ఎర్రసింగ్లెట్

మాస్టారూ 🙏

బడిపంతులు

నడుమ ఒక్క మాట. మన భాష ఈ ఆటని ఎంత ఒంటబట్టించుకుందో చూడండి. చిత్తుగా ఓడాడు అంటాం, పైచేయి అంటాం, గోదాలోకి దిగాడు అంటాం, పట్టు విడవలేదు అంటాం. కాపురానికీ, స్నేహానికీ పట్టువిడుపులు ఉండాలి అంటాం. పట్టు ఒక్కటే కాదు, విడుపు కూడా చెప్పారు పెద్దలు. నేను తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా కుస్తీ నేర్చుకుంటున్న పిల్లలే మొదట నవ్వుతారు, వాళ్లకి అది చేతుల్లోనే తెలుసు.

ఎర్రసింగ్లెట్

పంతులుగారూ, "కింద పడ్డా పైచేయి నాదే" వదిలేశారు! మా తమ్ముడు రోజూ అదే అంటాడు 😄

రెండుజడలు

నేను అమ్మాయిని, పంతొమ్మిదేళ్లు, ఆరేళ్లుగా ఆడుతున్నాను. రాష్ట్ర స్థాయి దాటలేదు, దాటుతానని కూడా అనుకోవడం లేదు. అయినా మానను. ఎందుకో చెప్తాను.

కింది పొజిషన్ అని ఒకటి ఉంటుంది. అవతలి అమ్మాయి మనల్ని బోర్లా పడేసి, నడుము చుట్టూ చేతులు బిగించి, మనల్ని తిప్పాలని చూస్తుంటుంది. వీపు మ్యాట్ వైపు తిరిగితే రెండు పాయింట్లు. పూర్తిగా ఆనితే చిత్తు. అప్పుడు ఒళ్లంతా ఒకటే అరుస్తుంది: తప్పించుకో, తిరుగు, ఏదో ఒకటి చెయ్. అలా కంగారులో తిరిగితే మన వీపు మనమే చూపించినట్టు. చేయాల్సింది వేరు. మోచేతులు పక్కటెముకలకి అదుముకోవాలి, కాళ్లు వెడల్పుగా చాపాలి, పొట్ట మ్యాట్‌కి అతికించాలి, ఊపిరి తీసుకోవాలి. పైనున్న అమ్మాయి ఏమీ చేయలేకపోతే కాసేపటికి రెఫరీయే ఇద్దర్నీ లేపి నిలబెడతారు. ఆ కాసేపు ఓపిక పట్టడం నాకు రెండేళ్లు పట్టింది. మొదట్లో ప్రతిసారీ కంగారుపడి తిరిగేసి ఓడిపోయేదాన్ని.

పోయిన ఏడాది మా నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. బయట వరండాలో అందరూ తలో మాట, ఒకరు వేరే ఆసుపత్రికి మారుద్దామని, ఒకరు డాక్టర్ మీద అరుస్తూ. అమ్మ నా చేయి పట్టుకుని వణికిపోతోంది. నేను నా మోచేతులు పక్కటెముకలకి అదుముకుని నిలబడి ఉన్నానని కాసేపటికి గమనించాను. నిజంగా ఒళ్లు దానంతట అదే అలా చేసింది. ఊపిరి తీసుకున్నాను. డాక్టర్ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు అడిగింది నేనే.

@చెస్_నాన్న గారు, మీ ప్రశ్నకి నా సమాధానం ఇదే. చెస్‌లో టెన్షన్ తలలో ఉంటుంది. ఇక్కడ ఒక మనిషి బరువు మీ మీద ఉంటుంది, ఊపిరి ఆడదు, అప్పుడు ఆలోచించాలి. భయాన్ని ఒంటితో నేర్చుకుంటాం.

చెస్_నాన్న

అర్థమైందమ్మా. చాలా బాగా చెప్పావు. నాన్నగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

రెండుజడలు

బాగున్నారు అంకుల్. నా బౌట్లకి వచ్చి ముందు వరసలో కూర్చుంటున్నారు.

నిద్రలేని_నాన్న

మ్యాట్‌పక్కన అమ్మగారూ, నా తప్పు చెప్తాను, మీరు చేయకండి.

మా పెద్దవాడు మీ వాడి వయసులో ఆడేవాడు. బాగా ఆడేవాడు కూడా. ప్రతి పోటీ అయ్యాక తిరుగు ప్రయాణంలో నేను మొదలుపెట్టేవాణ్ణి. ఆ కాలు ఎందుకు ఇచ్చావు, రెండో పీరియడ్‌లో ఎందుకు నీరసపడ్డావు, ఫోన్‌లో వీడియో పెట్టి చూపిస్తూ. తోడ్పడుతున్నాననే అనుకున్నాను. గెలిచిన రోజు కూడా "ఇంకా త్వరగా ముగించాల్సింది" అన్నాను. పదహారేళ్లకి మానేశాడు. చాలా రోజుల తర్వాత చెప్పాడు, "నాన్నా, మ్యాట్ మీద నాకు భయం ఉండేది కాదు, కారు డోరు వేశాక భయం వేసేది" అని.

రెండోవాడు ఇప్పుడు ఆడుతున్నాడు. కారు ఎక్కాక ఆట గురించి నేను మొదట ఎత్తను. వాడు ఎత్తితే వింటాను. నాలుగుసార్లలో మూడుసార్లు వాడే ఎత్తుతాడు, అదీ నేను గమనించని సంగతులు.

మీ వాడు లేసు ముడి తనే తీసుకుంటానన్నాడని రాశారు. మీరు చేయి వెనక్కి తీసుకున్నారు. అది నేను చేయలేకపోయిన పని.

మ్యాట్‌పక్కన_అమ్మ

ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నానండీ.

ఫిజియో_అక్క

మంచి చర్చ. నా పని వైపు నుంచి కొన్ని చెప్పి వెళ్తాను.

ఎదిగే వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు. నొప్పి రెండు మూడు రోజులకి తగ్గకపోయినా, కీలు వాచినా చూపించాల్సిందే. మాజీ తమ్ముడు చెప్పిన నీళ్లు మానడం, చెమట పట్టించడం పిల్లలకి అస్సలు వద్దు. చెవి మీద దెబ్బ తగిలి ఉబ్బితే అలాగే వదిలేయకూడదు, లోపల రక్తం గడ్డకట్టి చెవి శాశ్వతంగా ముడుచుకుపోతుంది. హెడ్‌గార్డ్ కొనిపెట్టండి.

ఇంకోటి, ఎవరూ మాట్లాడనిది. ఈ ఆటలో చర్మం చర్మానికి తగులుతుంది కాబట్టి తామర లాంటివి తేలిగ్గా అంటుకుంటాయి. ప్రాక్టీస్ అయిన వెంటనే స్నానం, గోళ్లు కత్తిరించుకోవడం, మ్యాట్ రోజూ తుడవడం తప్పనిసరి. మొన్న ఒక పదిహేనేళ్ల అమ్మాయి నా దగ్గరికి వచ్చింది, మోచేతి మీద చిన్న గుండ్రటి మచ్చ. నాలుగు రోజుల్లో పోటీ. పొడుగు చేతుల టీషర్టు వేసి దాచేస్తే ప్రాక్టీసులో ఎవరికీ తెలిసేది కాదు. తనే వెళ్లి కోచ్‌కి చూపించి, "నా జోడీకి అంటుకుంటుంది సార్" అని పోటీ మానుకుంది. మాస్టారు చెప్పిన అరచేయి లాంటిదే ఇదీ.

పోరు_ప్రసాదం

అందరూ ఓటమి గురించే మాట్లాడుతున్నారు. 2016 రియోలో సాక్షి మలిక్ కాంస్య పతకం బౌట్ చూడమనండి మీ అబ్బాయిని. 0-5తో వెనకబడి 8-5తో గెలిచింది. మన దేశం నుంచి ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి మహిళా రెజ్లర్. పోరాడితే ఎందుకు రాదు!

మాజీ_57కేజీలు

@పోరు_ప్రసాదం అది గొప్ప బౌట్, కాదనను. కానీ మీరు చెప్పింది మళ్లీ గెలుపు కథే అయింది కదా అన్నా. 0-5 దగ్గరే ఆగిపోయినవాళ్ల సంగతేంటి? ఆవిడ అడిగింది అది.

పోరు_ప్రసాదం

సరే, అలా అయితే సుసాకి. 2024 పారిస్‌లో 50 కేజీల మొదటి రౌండ్. జపాన్‌కి చెందిన యుయి సుసాకి టోక్యోలో ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచిన మనిషి. చివరి క్షణాల దాకా 2-0తో ముందుంది. వినేశ్ ఫోగాట్ ఆఖర్లో కింద పడేసి 3-2తో గెలిచింది. స్వర్ణం ఆశ ఒక్కసారిగా పోయింది. ఆ మర్నాడే మళ్లీ మ్యాట్ ఎక్కి కాంస్యం గెలిచింది సుసాకి. నాకైతే ఆ రెండో రోజు పొద్దున ఆ అమ్మాయి ఎలా లేచిందా అని ఆలోచన.

మాజీ_57కేజీలు

ఇది ఒప్పుకుంటాను. ఆ రెండో రోజు పొద్దున అనేదే అసలు సంగతి. అదే పొద్దున వినేశ్‌కి 100 గ్రాములు ఎక్కువ తూగింది, ఫైనల్ ఆడకుండానే అనర్హత. ఆ రాత్రంతా ఆమె ఎంత కష్టపడిందో అందరూ విన్నదే. అదే ఒలింపిక్స్‌లో అమన్ సెహ్రావత్ కూడా ఒక్క రాత్రిలో 4.6 కేజీలు దించి కాంస్యం బౌట్ ఆడాడు. వాళ్లు పెద్దవాళ్లు, వెనక డాక్టర్లు ఉన్నారు. ఇవి చూసి పద్నాలుగేళ్ల పిల్లాడు "నేనూ చేస్తా" అనుకోకుండా చూడాలి. నా భయం అంతే.

గోదా_మాస్టారు

ఆ భయం ప్రతి కోచ్‌కీ ఉండాలి తమ్ముడూ. నువ్వు నేర్పడానికి ఎందుకు రాకూడదు? నీలాంటివాడు మ్యాట్ పక్కన ఉంటే పిల్లలు నోరు విప్పి "నొప్పిగా ఉంది" అని చెప్తారు.

మాజీ_57కేజీలు

పన్నెండేళ్లయింది మాస్టారూ మ్యాట్ మీద కాలు పెట్టి. చూద్దాం.

నీలిమ్యాట్

ఆలోచించి రాస్తానన్నాను కదా. నాకు తట్టింది ఇది. ఓడిన వెంటనే ఓడించినవాడితో చేయి కలపాలి, రెఫరీ గెలిచినవాడి చేయి ఎత్తుతుంటే పక్కనే నిలబడాలి. ఇంకా ఊపిరి కూడా అందదు, ఏడుపు గొంతులో ఉంటుంది, అందరూ చూస్తుంటారు. దాక్కోవడానికి చోటు ఉండదు. పదమూడు పద్నాలుగేళ్లకే అది పదిసార్లు చేసినవాడు, పెద్దయ్యాక ఆఫీసులో ఒక మాట పడితే కూలిపోడు. నేను కూలిపోలేదు కాబట్టి చెప్తున్నాను.

చెస్_నాన్న

చెస్‌లోనూ చేయి కలుపుతారు.

నీలిమ్యాట్

మీరు నన్ను వదలరు కదా 😄

బడిపంతులు

అసలు ఇంత మాట్లాడాం, పిల్లాణ్ణి ఎవరైనా అడిగారా? అమ్మగారూ, మీ వాడు ఏమంటున్నాడు?

మ్యాట్‌పక్కన_అమ్మ

అడగలేదండీ. అడిగితే "మానేస్తా" అంటాడేమో అని ఒక భయం, "మానను" అంటాడేమో అని ఇంకో భయం. ఇవాళ అడుగుతాను.

మ్యాట్‌పక్కన_అమ్మ

అడిగాను. రాత్రి పడుకునే ముందు. "నీకు ఇష్టమేనా, మా కోసం వెళ్తున్నావా" అన్నాను. వింతగా చూశాడు. "ఇష్టమే. కానీ నువ్వు వచ్చినప్పుడు నీ మొహం చూస్తే నాకు టెన్షన్" అన్నాడు. నేను ఓడిపోయినట్టు కూర్చుంటానట. ఇంకా ఏం చెప్పాడంటే, మొదటి నాలుగు బౌట్లలో తనెప్పుడూ ముందు కదల్లేదట, అవతలివాడు ఏం చేస్తాడా అని చూసేవాడట. నిన్న నలభై సెకన్లలో ఓడిన బౌట్‌లో తనే మొదట కాలు పట్టడానికి వెళ్లాడట, వెళ్తే తల కింద ఇరుక్కుని చిత్తయ్యాడట. "అది తప్పే కానీ అమ్మా, వెళ్లాను" అన్నాడు.

నేను అక్కడే కూర్చుని చూశాను. నాకు నలభై సెకన్లే కనిపించాయి.

రెండుజడలు

అక్కా, "వెళ్లాను" అన్నాడు చూడండి. నాకు కళ్లు చెమర్చాయి.

నిద్రలేని_నాన్న

వచ్చేసారి మొహం సంగతి చూసుకోండి. నేను ఇప్పుడు బౌట్ జరుగుతుంటే నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉంటాను, చేతులకి పని ఉంటే మొహం మామూలుగా ఉంటుంది. పనిచేస్తుంది, ప్రయత్నించండి.

మ్యాట్‌పక్కన_అమ్మ

మూడు వారాలైంది. నిన్న పోటీ. ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో, నాకు రాయాలనిపించింది.

ఓడిపోయాడు. 2-4. కానీ మొదటిసారి పూర్తి ఆట ఆడాడు, రెండు నిమిషాల పీరియడ్లు రెండూ. మొదటిసారి ఒకణ్ణి కింద పడేసి రెండు పాయింట్లు తెచ్చుకున్నాడు. నీళ్ల సీసా మూత అరిగిపోయేలా తిప్పాను.

అసలు సంగతి చివర్లో జరిగింది. అప్పటికి 2-3. ఇరవై సెకన్లు కూడా లేవు. ఇద్దరూ పెనుగులాడుతూ గీత దాటి బయట పడ్డారు. ఎవరి కాలు ముందు బయట పడితే ఎదుటివాడికి ఒక పాయింటు. రెఫరీ అవతలివాడికి ఇచ్చారు, 2-4. మా కోచ్ గారికి మాత్రం అవతలివాడి కాలే ముందు పడినట్టు కనిపించింది. ఆ పోటీలో వీడియో రివ్యూ ఉంది. ఆయన చాలెంజ్ స్పాంజ్, అంటే వీడియోలో మళ్లీ చూడమని అడగడానికి కోచ్ విసిరే మెత్తటి ముక్క, మ్యాట్ మీదికి విసిరేశారు. నెగ్గితే 3-3, మిగతావన్నీ సమానం కాబట్టి చివరి పాయింటు తెచ్చుకున్న మావాడే ముందున్నట్టట. అంటే మొదటి గెలుపు అక్కడే ఉంది. నేను మూత తిప్పడం ఆపేశాను.

మావాడు నడుము మీద చేతులు పెట్టుకుని, ఆయాసపడుతూ, కోచ్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన "ఏంట్రా" అన్నట్టు చేతులు ఎత్తారు. "నా కాలే ముందు పడింది సార్, నాకు తెలిసింది" అన్నాడు. స్పాంజ్ కోచ్ గారి చేతికి తిరిగి ఇచ్చేశారు. మిగిలిన సెకన్లలో మళ్లీ కాలు పట్టడానికి వెళ్లాడు, దొరకలేదు.

కోచ్ గారు వాణ్ణి ఏమీ అనలేదు. తువ్వాలు తల మీద వేసి రుద్దారు అంతే.

గోదా_మాస్టారు

కోచ్ అడిగిన చాలెంజ్ ఆటగాడు వద్దంటే ఆటగాడి మాటే చెల్లుతుంది, నియమం అదే. నా ఇన్నేళ్లలో ఒక పిల్లాడు అలా వద్దనడం రెండుసార్లు చూశాను. రెండోసారి ఆ పిల్లాడు అబద్ధమాడి ఉంటే నాకు పతకం వచ్చేది. ఇంటికి వెళ్లి మా ఆవిడకి చెప్పాను, ఇవాళ నా పిల్లాడు ఓడాడు, నాకు నిద్ర బాగా పడుతుంది అని.

ఎర్రసింగ్లెట్

ఒక సందేహం. చాలెంజ్ ఓడిపోతే అవతలివాడికి ఇంకో పాయింటు వెళ్తుంది కదా. లెక్క వేసుకుని వద్దన్నాడేమో?

మాజీ_57కేజీలు

ఇరవై సెకన్లు కూడా లేనప్పుడు 2-4 అయితేనేం, 2-5 అయితేనేం తమ్ముడూ? పోయేదేమీ లేదు, వస్తే గెలుపు వచ్చేది. నేనైతే ఆ వయసులో నోరు మూసుకుని స్క్రీన్ వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. మా దగ్గర అలాగే నేర్పారు.

అమ్మా, మొదట నేను రాసింది వెనక్కి తీసుకోను, ఆ విషయాలు చూస్తూనే ఉండండి. కానీ తువ్వాలుతో తల రుద్దిన ఆ కోచ్ దగ్గర మీ వాడు ఉండొచ్చు.

చెస్_నాన్న

ఇది చెస్‌లోనూ ఉందని అనను. మా అమ్మాయికి చదివి వినిపించాను.

నీలిమ్యాట్

చెస్_నాన్న గారు ఒప్పుకున్నారు! ఈ రోజు క్యాలెండర్‌లో రాసుకుంటున్నా 😄

నిద్రలేని_నాన్న

కారులో ఏం మాట్లాడుకున్నారు?

మ్యాట్‌పక్కన_అమ్మ

నేనేం ఎత్తలేదండీ. సగం దూరం వచ్చాక వాడే "అమ్మా, వాడి తల బరువు ఎంత ఉంటుందో" అన్నాడు. అర్థం కాలేదు. అవతలివాడి కాలు పట్టినప్పుడు వాడు తలతో, ఛాతీతో మావాడి మెడ మీద నొక్కేస్తున్నాడట, అక్కడే ఆగిపోతున్నాడట. ఇంటికి వచ్చేదాకా అదే. మా ఆయన మీద పట్టు వేసి చూపించాడు హాల్లో. ఆయన పడ్డారు, నవ్వారు. చాలా రోజుల తర్వాత.

మాస్టారూ, వాడు మిమ్మల్ని అడగమంటున్నాడు. ఒక కాలు పట్టుకున్నాక మెడ మీద బరువు వేసి నొక్కేస్తే ఏం చేయాలి?

గోదా_మాస్టారు

తల కిందకి వాలుతోంది, అందుకే నొక్కగలుగుతున్నాడు. కాలు పట్టగానే తల ఎత్తాలి, చూపు పైకి. వీపు నిటారుగా, తన నడుము తన మోకాళ్ల మీదికి రావాలి, దూరంగా సాగిపోకూడదు. పట్టుకుని అక్కడే ఆగకుండా వెంటనే పక్కకి తిరగాలి, ఎదురుగా ఉంటే బరువంతా మెడ మీదే పడుతుంది.

మాజీ_57కేజీలు

మోకాలి మీద మరీ ఎక్కువసేపు ఉండొద్దని చెప్పండి. లేచి నిలబడి ముగించడం కూడా నేర్చుకోమనండి.

మ్యాట్‌పక్కన_అమ్మ

పక్కనే నిలబడి చదువుతున్నాడు. తల లోపలి వైపు ఉండాలా, బయటి వైపా అంటున్నాడు.

గోదా_మాస్టారు

లోపల. చెవి వాడి పక్కటెముకలకి ఆనాలి.